ఏ ఊరి నీళ్ళు తాగిన పళ్ళివి?

లెక్క మాత్రం పక్కాగా ఉంది. పదేసి మంది చొప్పున బయటికి తెచ్చి 237 మందిని కాల్చి చంపారు. మిగిలినవాళ్ళు రాకపోయేసరికి బురుజు తలుపు తీసి చూస్తే, 45 మంది ఊపిరాడకో ఉక్కకో అలసటకో అప్పటికే చచ్చిపడి ఉన్నారు. మొత్తం 282. ఈ లెక్క రాసిపెట్టింది పరిశోధకులు కాదు, చంపించినవాడే. పేరు ఫ్రెడరిక్ కూపర్, 1857లో అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్. మరుసటి ఏడాదే ‘ద క్రైసిస్ ఇన్ ద పంజాబ్’ అని పుస్తకం వేసి, చేసినదంతా దాచకుండా, పైగా కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. ఏ రోజు, ఏ ఊరు, ఎందరు, శవాలను ఏం చేశారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ 282 మంది పేర్ల పట్టిక మాత్రం లేదు.

వాళ్ళది ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలోని 26వ నేటివ్ ఇన్‌ఫెంట్రీ. మకాం లాహోర్ పక్కన మియాఁ మీర్ కంటోన్మెంటు. మీరట్‌లో తిరుగుబాటు మొదలైందన్న కబురు అందగానే, మే 13న కంపెనీ వాళ్ళ తుపాకులు లాగేసుకుంది. రెండున్నర నెలలు ఆయుధాల్లేకుండా, కాపలా మధ్య గడిపారు. జులై 30న కట్టలు తెగాయి. కమాండింగ్ అధికారి మేజర్ స్పెన్సర్‌ను చంపి, అదే సమయానికి లేచిన దుమ్ముతుఫానులో పడి పారిపోయారు. రావి నది గట్టు వెంబడి పోతుండగా ఊళ్ళవాళ్ళు చూసి తహసీల్దారుకు కబురందించారు. నది దగ్గర తూటాలకు కొందరు పోయారు, వరదకు కొందరు పోయారు. చిక్కినవాళ్ళను తాళ్ళతో కట్టి అర్ధరాత్రి అజ్నాలా ఠాణాకు తెచ్చారు. ఆగస్టు 1 తెల్లారేసరికి మొదలైన కాల్పులు అయ్యాక, శవాలన్నిటినీ దగ్గర్లోని పాడుబావిలో పడేసి పూడ్చేశారు.

ఆ బావి మీద కాలక్రమంలో ఒక గురుద్వారా వెలిసింది. అమృత్‌సర్ చరిత్రకారుడు సురీందర్ కొచ్చర్ కూపర్ రాతను పట్టుకుని చోటు పోల్చుకున్నాక, 2014 ఫిబ్రవరి చివర్లో ఊరివాళ్ళు, గురుద్వారా కమిటీ వాళ్ళు కలిసి పలుగూ పారా పట్టారు. ఎముకలు, పుర్రెలు, వేల కొద్దీ పళ్ళు, కంపెనీ కాలపు నాణేలు, పతకాలు, తూటాలు బయటపడ్డాయి.

భక్తితో తవ్వారు, అందులో సందేహం లేదు. కానీ శాస్త్రం కోణం నుంచి చూస్తే గుండె తరుక్కుపోయే తవ్వకం అది. ఏ ఎముక ఏ లోతులో ఉంది, ఏ పుర్రె ఏ దవడకు చెందింది, ఎవరి మీద ఎవరు పడి ఉన్నారు, ఇవేవీ నమోదు కాలేదు. చాలా ఎముకలు విరిగాయి. ఎన్ని చేతులు తాకాయో చెప్పలేం. డీఎన్‌ఏ పని చేసేవాళ్ళకు తాకిన ప్రతి చేతా తన ఆనవాలు వదిలిపోయే శత్రువే.

అనుమానాలూ అప్పుడే మొదలయ్యాయి. ఇవి సిపాయిల ఎముకలేనా? అజ్నాలా ఇప్పుడు పాకిస్తాన్ సరిహద్దుకు ఆనుకున్నట్టే ఉంటుంది. 1947 విభజన నాటి మారణకాండలో ఆ ప్రాంతంలో శవాలు పడని బావి ఉందా అని అడిగినా తప్పు లేదు. కార్బన్ పరీక్ష చేస్తే పోదా అనిపిస్తుంది గానీ, ఇలాంటి చోటే అది మొరాయిస్తుంది. గాలిలో రేడియోకార్బన్ పాళ్ళు గత మూడు శతాబ్దాల్లో ఎగుడుదిగుడుగా మారుతూ వచ్చాయి. కాబట్టి 1857కూ 1947కూ మధ్య ఉన్న తొంభై ఏళ్ళ తేడాను ఆ గడియారం నమ్మకంగా చెప్పలేదు.

ఎప్పుడు చనిపోయారన్నది తేలనప్పుడు ప్రశ్నను తిప్పి వేయవచ్చు. వీళ్ళు ఎక్కడ పెరిగారు? విభజన హతులైతే చుట్టుపక్కల పంజాబ్ వాళ్ళే అయి ఉండాలి. 26వ పటాలం వాళ్ళయితే అవధ్, బిహార్, బెంగాల్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కావాలి, కంపెనీ బెంగాల్ సైన్యానికి జనాన్ని ఎత్తింది ప్రధానంగా అక్కడే కాబట్టి. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్త జగ్‌మహేందర్ సింగ్ సెహ్రావత్ ఈ ప్రశ్నతోనే పళ్ళను ముందేసుకున్నారు. ఆయనకు తోడుగా లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ నుంచి నీరజ్ రాయ్, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి జ్ఞానేశ్వర్ చౌబే, మన హైదరాబాదు సీసీఎంబీ నుంచి కుమారస్వామి తంగరాజ్ చేరారు.

పళ్ళే ఎందుకు? బతికున్నంతకాలం ఎముక తనను తాను తిరగరాసుకుంటూనే ఉంటుంది. పాత కణజాలం కరిగి కొత్తది పేరుకుంటుంది. పంటి మీద మెరిసే ఎనామెల్ అలా కాదు. ఒకసారి తయారయ్యాక దాన్ని మార్చే కణాలే మిగలవు. మొదటి దవడ పన్ను ఎనామెల్ పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ళ వయసులోపు పూర్తవుతుంది. రెండో దవడ పన్నుది ఏడెనిమిదేళ్ళకు, జ్ఞానదంతానిది పన్నెండు దాటాక. అంటే ఒకే దవడలో తల్లిపాల నాటి నీరు ఒకచోట, పశువులు కాసే వయసు నీరు ఒకచోట, మీసాలు మొలిచే నాటి నీరు ఇంకోచోట నమోదై ఉంటాయి. సిపాయిగా చేరేది ఆ తరవాతే. లాహోర్‌లో పదేళ్ళు నీళ్ళు తాగినా ఎనామెల్‌లో ఇంటి దగ్గరి బావి నీరే ఉంటుంది.

ఆ నీరు ఏ ప్రాంతానిదో ఆక్సిజన్ చెబుతుంది. ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువుండవు. ఎక్కువ భాగం ఆక్సిజన్-16. దాదాపు ఐదువందలకు ఒకటి చొప్పున ఆక్సిజన్-18 అనే బరువైన ఐసోటోపు కలిసి ఉంటుంది. సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలికైనది సులువుగా పైకి లేస్తుంది. మేఘం కురిసేటప్పుడు బరువైనది ముందు రాలుతుంది. బంగాళాఖాతం మీద లేచిన మేఘం బెంగాల్ మీద కొంత, బిహార్ మీద కొంత కురుస్తూ పడమరకు సాగేకొద్దీ దాని దగ్గర మిగిలేది తేలికైన నీరు. హిమాలయాల మంచు కరిగి పంజాబ్ నదుల్లోకి వచ్చే నీరు మరీ తేలిక. ఈ పాళ్ళలో తేడా వెయ్యికి కొన్ని వంతులే. అయినా మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఆ తేడా చాలు. పిల్లవాడు తాగిన నీటిలోని ఆక్సిజన్ రక్తంలోకి, అక్కడి నుంచి పెరుగుతున్న పంటిలోకి పోయి ఖనిజంలో బిగిసిపోతుంది.

దీనికీ హద్దులున్నాయి. ఒకే ఐసోటోపు పాళ్ళు ఒకదానికొకటి సంబంధం లేని రెండు ప్రాంతాల్లో కనబడవచ్చు. మరిగించిన నీళ్ళు తాగినా, తల్లిపాలు తాగినా అంకె కాస్త జరుగుతుంది. “ఇతను ఇక్కడ పెరిగినవాడు కాదు” అని ఆక్సిజన్ గట్టిగా చెప్పగలదు. “ఫలానా జిల్లావాడు” అని చెప్పమంటే నోరు మెదపదు. అందుకే 85 మంది నమూనాల ఐసోటోపులతో సరిపెట్టుకోకుండా, 50 నమూనాల డీఎన్‌ఏ కూడా చదివారు.

పాత పంటి నుంచి డీఎన్‌ఏ తీయడం చూడటానికి పెద్ద ఆర్భాటంగా ఉండదు. ఒళ్ళంతా కప్పే తెల్లటి సూటు, రెండు జతల చేతి తొడుగులు, ముఖానికి మాస్కు. పంటి పైపొరను గీకి, బ్లీచుతో తుడిచి, అతినీలలోహిత కాంతి కింద ఉంచుతారు. అప్పుడు గానీ సన్నటి డ్రిల్లు పెట్టి వేరు భాగంలోంచి కాసింత పొడి రాల్చరు. ఆ పొడిలోని కాల్షియాన్ని కరిగించి, ప్రొటీన్లను ఎంజైముతో విరగ్గొడితే మిగిలే ద్రవంలో డీఎన్‌ఏ తునకలు తేలుతుంటాయి. ఒక్కో తునక వంద అక్షరాలకు మించదు. అందులో బావిలోని బాక్టీరియావే ఎక్కువ. తవ్వినవాళ్ళవీ కలిసి ఉండవచ్చు. అసలుదాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. ఏళ్ళ తరబడి మట్టిలో ఉన్న డీఎన్‌ఏ తునకల కొసల్లో సైటోసిన్ అనే అక్షరం చెడిపోయి, చదివేటప్పుడు థైమిన్‌గా కనబడుతుంది. నిన్న తాకినవాడి డీఎన్‌ఏలో ఆ చెడుపు ఉండదు. శాస్త్రవేత్త ఈ పనిలో పాడైపోయినదాన్నే ఎక్కువ నమ్ముతాడు.

వాళ్ళు చదివింది మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ. కేంద్రకంలోని మూడు వందల కోట్లకు పైబడ్డ అక్షరాల పక్కన దీని నిడివి లెక్కలోకే రాదు. మొత్తం 16,569 అక్షరాలు. అయితే ఒక్కో కణంలో దీని ప్రతులు వందలు, వేలు ఉంటాయి కాబట్టి, అన్నీ శిథిలమైనా ఎక్కడో కొన్ని మిగులుతాయి. ఇది తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. కొడుకుకూ వస్తుంది గానీ అతనితోనే ఆగిపోతుంది. కూతురు ముందుకు అందిస్తుంది. వేల ఏళ్ళుగా దానిలో పడుతూ వచ్చిన చిన్నచిన్న మార్పులను బట్టి మనుషులను తల్లివైపు శాఖలుగా విడదీయవచ్చు. వాటినే హాప్లోగ్రూపులంటారు. భారతదేశంలో ఎం అనే పెద్ద శాఖ తూర్పుకూ దక్షిణానికీ పోయేకొద్దీ చిక్కబడుతుంది. వాయవ్యానికి పోయేకొద్దీ పశ్చిమాసియా, ఐరోపా వాళ్ళలో కనబడే శాఖల వాటా పెరుగుతుంది. ఒక మనిషి శాఖ చూసి ఊరు చెప్పలేం. యాభై మందివి కలిపి చూస్తే మాత్రం ఆ గుంపు ఎటువైపు మొగ్గుతోందో తెలుస్తుంది.

ఇలాంటి పనిలో హైదరాబాదు వాళ్ళ చెయ్యి అప్పటికే తిరిగి ఉంది. ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ సరస్సు కథ గుర్తుందా? 1942లో ఒక అటవీ ఉద్యోగి అక్కడ ఎముకల గుట్టలు చూసినప్పుడు, అవి చాటుగా దేశంలోకి చొరబడబోయి మంచులో చిక్కిన జపాన్ సైనికులవని పుకారు లేచింది. కాదు, టిబెట్ దండయాత్ర నుంచి తిరిగొస్తూ నాశనమైన జోరావర్ సింగ్ సేనవని మరికొందరన్నారు. సీసీఎంబీ పాలుపంచుకున్న 2019 అధ్యయనంలో 38 మంది డీఎన్‌ఏ చదివితే రెండు కథలూ కుప్పకూలాయి. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. 23 మంది దక్షిణాసియా వాళ్ళు. 14 మంది ఎక్కడో తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలున్నవాళ్ళు, ఒకరు ఆగ్నేయాసియా వైపు వ్యక్తి. పైగా ఈ గుంపుల మరణాలకు మధ్య దాదాపు వెయ్యేళ్ళ ఎడం. సైనికులనుకున్నవాళ్ళు సైనికులు కాకుండాపోయారు. అజ్నాలాలో కథ అడ్డం తిరిగే ప్రమాదం అంతే ఉంది.

తిరగలేదు. 2022 ఏప్రిల్‌లో ‘ఫ్రాంటియర్స్ ఇన్ జెనెటిక్స్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఐసోటోపులు, డీఎన్‌ఏ రెండూ గంగా మైదానం వైపే వేలు చూపించాయి. పంజాబ్ వాళ్ళతోనూ ఇప్పటి పాకిస్తాన్ ప్రాంతం వాళ్ళతోనూ పొసగలేదు. ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్ జనాభాలతో కలిశాయి. నా ఉద్దేశంలో ఈ పరిశోధన బలం డీఎన్‌ఏలో లేదు, ఐసోటోపుల్లోనూ లేదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పడంలో ఉంది. ఒకటి తల్లి రక్తానికి సంబంధించింది, ఇంకొకటి బాల్యంలో తాగిన నీటికి. దీనికి నాణేలు, పతకాలు, కూపర్ రాతా జతపడితే కోర్టులో నిలబడే కేసే.

సరే, గంగా మైదానం వాళ్ళని తేలింది. ఆ మైదానం ఎంతది? తూర్పు ఉత్తరప్రదేశ్, బిహార్ కలిపితేనే కొన్ని దేశాల కన్నా పెద్దది. ఇంటి అడ్రసు అడిగితే రాష్ట్రం పేరు చెప్పినట్టుంది. ఇక్కడి నుంచి ఒక ఇంటి గడప దాకా పోవడం కుదురుతుందా? కుదిరిన చోట్లు ఉన్నాయి.

ఉత్తర ఫ్రాన్స్‌లో ఫ్రోమెల్ అనే పల్లె ఉంది. 1916 జులై 19న అక్కడ ఆస్ట్రేలియా దళం ఒక్క రాత్రిలో 5,533 మందిని పోగొట్టుకుంది, చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, పట్టుబడినవాళ్ళు అందరూ కలిపి. జర్మన్లు తమ వైపు పడిన శవాలను ఒక తోపు పక్కన గుంతల్లో పాతిపెట్టారు. తరవాత అందరూ మరిచిపోయారు. మెల్బోర్న్‌లోని లాంబిస్ ఎంగ్లెజోస్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు సమాధుల లెక్కకూ గల్లంతైనవాళ్ళ లెక్కకూ పొంతన లేదని పట్టుకుని, అధికారుల వెంటపడి, చివరికి తవ్వించాడు. 2009లో 250 మంది దొరికారు. ఒకరి దగ్గర ఫ్రీమాంటిల్ నుంచి పెర్త్‌కు తీసుకున్న రైలు టికెట్టు తిరుగు ప్రయాణం ముక్క దొరికింది. యుద్ధం నుంచి వచ్చాక వాడుకుందామని దాచుకున్నాడన్నమాట. ఆ టికెట్టు పశ్చిమ ఆస్ట్రేలియావాడని చెప్పింది. ఎవరో చెప్పాలంటే చుట్టాలు కావాలి.

చుట్టాలను వెతకడానికి దారి ఉంది, ఎందుకంటే ఆస్ట్రేలియా సైన్యం చేరిన ప్రతివాడి పేరూ, ఎత్తూ, పుట్టుమచ్చా, దగ్గరి బంధువు చిరునామా రాసి ఉంచింది. గల్లంతైనవాళ్ళ జాబితా నుంచి మొదలుపెట్టి, వంశవృక్షాలు గీసి, తల్లివైపు ఒకరు, తండ్రివైపు ఒకరు బతికున్నవాళ్ళను పట్టుకుని బుగ్గ లోపలి నుంచి నమూనా తీసుకున్నారు. 2010 మార్చిలో తొలి విడతగా 75 మందికి పేర్లొచ్చాయి. ఆ సంఖ్య తరవాత 170 దాటింది. హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో మునిగిన యుద్ధనౌక ఓక్లహోమాలో పోయిన 429 మంది విషయంలోనూ ఇదే పద్ధతి. ఎవరివో తెలియక కలిపి పాతిన 388 మంది అవశేషాలను 2015లో బయటికి తీశారు. ఎముకలు ఎంతగా కలిసిపోయాయంటే అంతకు ముందు తెరిచిన ఒక్క శవపేటికలోనే దాదాపు వంద మందివి ఉన్నాయి. అయినా 2021కల్లా 350 మందికి పైగా ఇంటిపేర్లతో సహా గుర్తించారు. 1992 నుంచి అమెరికా సైన్యంలో చేరేవాళ్ళ నుంచి రక్తపు చుక్క ముందే తీసి కార్డు మీద ఆరబెట్టి దాస్తున్నారు. వాళ్ళకిక అజ్ఞాత సైనికుడన్నవాడు ఉండకపోవచ్చు.

కంపెనీ సిపాయికి ఇవేవీ లేవు. తరవాతి కాలపు భారతీయ సైనికుడికీ అంతంతమాత్రమే. 2016లో ఫ్రాన్స్‌లోని రిష్‌బూర్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇద్దరి అవశేషాలు దొరికితే, భుజం మీది ‘39’ అనే లోహపు అంకెను బట్టి 39వ గఢ్వాల్ రైఫిల్స్ వాళ్ళని తేలింది. పటాలం దగ్గరే ఆగిపోయింది. మరుసటి ఏడాది పేరు లేకుండానే సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. దీనికి తలకిందులైన కథ ఆలం బేగ్‌ది. 1963లో ఇంగ్లండులోని కెంట్ తీరంలో ఒక మద్యశాలలో దొరికిన పుర్రె కంటిగుంతలో మడిచిపెట్టిన చీటీ ఉంది. అది 46వ బెంగాల్ ఇన్‌ఫెంట్రీ హవల్దారు ఆలం బేగ్ పుర్రె అనీ, ఫిరంగి మూతికి కట్టి పేల్చారనీ అందులో రాసుంది. చరిత్రకారుడు కిమ్ వాగ్నర్ ఆ చీటీ వెంట పోయి ఒక పుస్తకమే రాశాడు. పేరున్నవాడికి తల మాత్రమే మిగిలింది. అజ్నాలాలో ఎముకలన్నీ ఉన్నాయి, చీటీ లేదు.

అజ్నాలా సిపాయి చుట్టాలను ఎవరైనా నిజంగా వెతకబోతే ఎదురయ్యే చిక్కు చాలా విచిత్రమైనది. పంటిలో దొరికింది తల్లి దారి డీఎన్‌ఏ. అది అతని కొడుకుల్లో లేదు, మనవల్లో లేదు, అతని ఇంటిపేరున్న ఎవరిలోనూ లేదు. అతని అక్కచెల్లెళ్ళ కూతుళ్ళలో, వాళ్ళ కూతుళ్ళ కూతుళ్ళలో ఉంది. గంగా మైదానంలో ఆడపిల్లను సొంత ఊళ్ళో ఇవ్వరు. తరానికొక ఊరు మారుతూ ఆ డీఎన్‌ఏ ఈ నూట అరవై ఏళ్ళలో ఏ మూలకు చేరిందో! మన వైపు అక్క కూతుర్ని చేసుకునే ఆచారం ఉండబట్టి, తెలుగు సిపాయి అయితే లెక్క వేరేగా ఉండేది. మేనమామను పెళ్ళాడిన మేనకోడలు ఆ ఇంటి తల్లి దారిని మళ్ళీ ఆ ఇంటికే తెస్తుంది. ఉత్తరాది పల్లెలో ఆ మాట అంటే చెవులు మూసుకుంటారు.

తండ్రి నుంచి కొడుక్కి పోయే వై క్రోమోజోము దారి పడితే ఊరు మారే బాధ లేదు. అన్నదమ్ముల మగ సంతానం ఆ పొలాలనే దున్నుకుంటూ ఉండవచ్చు. అయితే ఒక కణంలో వై క్రోమోజోము ఒక్కటే ఉంటుంది. వేల ప్రతులున్న మైటోకాండ్రియానే తునకలుగా మిగిలిన చోట దాన్ని చదవడం గగనం. పుర్రెలో లోపలి చెవిని కాపాడే గట్టి ఎముకలో డీఎన్‌ఏ మిగతా చోట్ల కన్నా బాగా నిలుస్తుంది కాబట్టి, ప్రయత్నించాలంటే అక్కడి నుంచే. అది దొరికితే ఇక కాగితం దారి కావాలి. గయకో హరిద్వారానికో పోయి పిండం పెట్టినవాళ్ళకు తెలుసు, అక్కడి పండాల దగ్గర జిల్లాల వారీగా, ఊళ్ళ వారీగా తరతరాల పేర్లు రాసిన పొడుగాటి బహీలుంటాయి. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి పేరన పిండం పెట్టారో అందులో ఉంటుంది. ఉద్యోగానికి లాహోర్ పోయి తిరిగిరాని మనిషి పేరు ఏ పేజీలోనైనా ఉండే అవకాశం ఉంది. ఆ పుస్తకాలు తండ్రి, కొడుకు, మనవడు వరుసలోనే నడుస్తాయి. అక్కచెల్లెళ్ళ జాడ వాటిలో అరుదు. బెంగాల్ సైన్యంలోని ముస్లిం సిపాయిల ఇళ్ళకైతే ఆ దారి కూడా లేదు. వాళ్ళ కోసం వెతకాల్సింది వేరే దస్త్రాలు, వేరే జ్ఞాపకాలు.